పుర్రచేతి ముడి

తలుపు పడటానికి ఇంకా 24 రోజులు

ఇల్లు వెతుక్కునేవాళ్లు జరిగింది జరిగినట్టు రాసుకోవాలంటూ రాకపోకల ఆఫీసులో ఈ పుస్తకం చేతిలో పెట్టారు. రాయకపోతే దరఖాస్తు చెల్లదట. సరే, రాస్తున్నాను. చదవబోయే ఆఫీసరుగారికి ముందే చెబుతున్నాను, నాకు నోరు ఎక్కువ. పద్దెనిమిదేళ్లు ఐసు ఫ్యాక్టరీలో కంప్రెసరు పక్కన నిలబడి మాట్లాడిన నోరు ఇది. మెత్తగా రాయడం నాకు రాదు.

పేరు కొక్కిలిగడ్డ జలజాక్షి. వయసు నలభై ఒకటి. ఊరు బందరు పక్కన గిలకలదిండి. అది నీళ్ల కిందికి పోయి ఆరేళ్లయింది కాబట్టి ఏ పక్కన అనేది ఇప్పుడు అనవసరం. ఈ మిట్టనగరం గాలి ఫ్యాక్టరీలో ఫిల్టర్ల మెకానిక్కుగా ఉద్యోగం ఇచ్చారు, ఆడవాళ్ల హాస్టల్లో ఒక మంచం ఇచ్చారు. మంచం నా ఒక్కదానికే. మా ఆయన మోపిదేవి, మా అత్త నాంచారమ్మ, ఎనిమిదేళ్ల మా కూతురు సింధూర, ముగ్గురూ గోడ అవతల శిబిరంలో రేకుల షెడ్డులో ఉన్నారు. ఏదో ఒక గొడుగు మమ్మల్ని రమ్మంటేనే వాళ్లను లోపలికి రానిస్తారు.

ఇక్కడ పేటను గొడుగు అంటారు. ఒక్కో పేట మీద ఒక్కో కప్పు, ఆ కప్పు కింద వాళ్ల గాలి వాళ్లది. మా బందరులో గొడుగుపేట అని ఒక పేట ఉండేది. దాని మీద కప్పూ లేదు, దాని గాలికి సరిహద్దూ లేదు. అశ్విని కార్తె మొదటి రోజున ఊరి పెద్ద తలుపు మూసేస్తారు. మళ్లీ వానలు పడ్డాకే తీస్తారు. పోయినేడు నూట పదకొండు రోజులకు తీశారట.

మా పిల్లకు ఆయాసం. ఈ వేసవి శిబిరం దుమ్ములో గడిస్తే ఆ ఊపిరితిత్తులకు తన పూచీ లేదని అక్కడి డాక్టరు నా మొహం మీదే చెప్పాడు. ఇరవై నాలుగు రోజుల్లో నాకు మంచి గాలి ఉన్న ఇల్లు కావాలి. అంతకు మించి ఏమీ అడగడం లేదు.

22 రోజులు

ఖాళీ ఇళ్ల జాబితాలో రెండో గొడుగు పేరు మీద ఐదు ఇళ్లున్నాయి. డ్యూటీ దిగి నేరుగా వెళ్లాను. గేటు దగ్గర ఉన్నాయన కుర్చీ వేశాడు, మర్యాదగా మాట్లాడాడు. గాలి ఫ్యాక్టరీలో పని అనగానే మొహం వికసించింది. మా ఫిల్టర్లు ఈమధ్య గుర్రుమంటున్నాయి, ఒక్కసారి చూసి పెడతారా అన్నాడు. చూశాను. రెండు గంటలు పట్టింది. మోచేతుల దాకా మసి.

తర్వాత ఫారం తీసి ఇంటిపేరు అడిగాడు. చెప్పాను. పెన్నుకు మూత పెట్టేశాడు. ఆ ఐదు ఇళ్లూ పొద్దున్నే ఖాయమైపోయాయట, జాబితాలో తీసేయడం మరిచిపోయారట. పొద్దున్నే ఖాయమైతే మధ్యాహ్నం నాకు కుర్చీ ఎందుకేశావయ్యా అని అడిగాను. కోప్పడకండి మేడం అన్నాడు. చేతులు కడుక్కోవడానికి నీళ్లు అడిగితే గేటు బయట కుళాయి చూపించాడు. అందులో నీళ్లు రావడం లేదు.

19 రోజులు

నాతో పనిచేసే యాదయ్యది తొమ్మిదో గొడుగు. రెండో గొడుగు సంగతి చెబితే నవ్వాడు. "మా దాంట్ల ఇల్లు ఖాళీ ఉంది, వచ్చెయ్ అమ్మా. ఎవరు ఏం తింటరని మా దగ్గర ఎవ్వరు అడగరు" అన్నాడు.

ఒక్కరోజు పాసు తీసుకుని ముగ్గుర్నీ లోపలికి తీసుకొచ్చాను. మా అత్తకు ఆ పేట తెగ నచ్చింది. పక్కింటావిడ గుమ్మంలోకి వచ్చి పండుమిరప పచ్చడి పెట్టింది, ఇద్దరూ అరగంటలో చుట్టాలైపోయారు. నేను మాత్రం గోడ మీద తెల్ల గుడ్డ రాసి చూశాను. బూడిద రంగు. పైకెక్కి ఫిల్టర్లు విప్పాను. అవి నా పెళ్లికన్నా పాతవి. కొత్తవి వేయిద్దామంటే ఈ గొడుగు వంతు రావడానికి ఇంకా రెండేళ్లు ఉందని యాదయ్య తల దించుకుని చెప్పాడు. పన్నెండు కొట్టేసరికి సింధూర వీపు ఎగిరెగిరి పడటం మొదలైంది. మోపిదేవి ఎత్తుకుని శిబిరానికి పరుగెత్తాడు, అక్కడి మందు పీల్చితే గానీ తగ్గలేదు.

మంచివాళ్లున్న చోట గాలి లేదు. నాకు ఒళ్లు మండిపోతోంది, ఎవరి మీద అరవాలో తెలియడం లేదు.

16 రోజులు

నాలుగో గొడుగు. మూడు ఇళ్లు ఖాళీ. బడి ఉంది. తెల్ల గుడ్డ రాస్తే తెల్లగానే తిరిగొచ్చింది. లోపల అడుగు పెట్టగానే నాకే ఛాతీ తేలికైంది, ఇక పిల్లకెలా ఉంటుందో. ఇదే కావాలనుకున్నాను.

అక్కడి కమిటీకి పెద్ద వేదవతిగారు. రిటైరైన టీచరు. గొంతు పెంచరు, మాట తూలరు. నా ఇంటిపేరు విని కూడా ఫారం మూయలేదు. అదే నా కొంప ముంచింది, మంచిమనిషని నమ్మాను.

మా గొడుగులో చేపలు, మాంసం వండకూడదనేమీ నియమం లేదమ్మా, చట్టం ఒప్పుకోదు కూడా అన్నారు. అందరం ఒకే గాలి పీలుస్తాం కాబట్టి అందరికీ పడే మనిషే రావాలని చూస్తాం, అంతే అన్నారు. నేను ఆ ఫిల్టర్లు కడిగే మనిషిని. వంటింటి పొగ బొగ్గు ఫిల్టరు దాటి వస్తుంది, ఈ ఇంట్లో ఏం వేగుతోందో పక్కింటి పిల్లికి కూడా తెలియదని చెప్పాను.

"యంత్రం సంగతి యంత్రానిది అమ్మా. మనిషికి తెలిసిపోతుంది" అన్నారు ఆవిడ.

ఇక వాళ్ల పద్ధతి. ఏ గొడుగైనా బట్ట పరీక్ష పెట్టాకే కాదనాలి, ఊరి చట్టం అలా ఉంది. వచ్చేవాళ్ల వంటింట్లో మూడు రోజులు వాడిన బట్టను ఉతక్కుండా డబ్బాలో పెట్టి ఇవ్వాలి. దాన్ని గొడుగు నడిబొడ్డున హాల్లో ఒక పగలంతా వేలాడదీస్తారు. అందరూ వచ్చి వాసన చూస్తారు, ఓటు వేస్తారు. సగానికి పైగా వద్దంటే వద్దు. మనిషినే నిలబెట్టి వాసన చూస్తే సరిపోతుందిగా, బట్ట ఎందుకు అన్నాను. ఆవిడ చిరునవ్వు నవ్వారు.

11 రోజులు

నిన్న వారం సెలవు. శిబిరానికి వెళ్లాను. వంటింట్లో చెయ్యి తుడుచుకునే తువ్వాలు మూడు రోజులు ఉతక్కుండా ఉంచమని మా అత్తకు ఫోన్లో మూడుసార్లు చెప్పాను. ఊఁ కొడుతూ విన్నట్టే వినిపించింది. నేను వెళ్లేసరికి బట్ట డబ్బాలో పెట్టేసి, మూత వేసి, తాడు కడుతోంది.

మా అత్తది పుర్రచెయ్యి. యాభై ఏళ్లు వలలు బాగుచేసిన చెయ్యి. అందరి వల ముడి ఒక వైపు తిరిగితే ఆవిడది ఇంకో వైపు తిరుగుతుంది. గిలకలదిండిలో ఏ వల అయినా నాంచారమ్మ బాగుచేసిందా లేదా అన్నది ముడి చూసి చెప్పేవాళ్లు. కట్టడం అయ్యాక తాడు చివర నోట్లో పెట్టుకుని, ఉన్న మూడు పళ్లతో కొరికి తెంపింది. కత్తి ఉందిగా అత్తా అంటే, కత్తి ఏ పెట్టెలో ఉందో ఎవరు వెతుకుతారు అంది.

పిల్ల ముక్కు దగ్గర చర్మం కదులుతోంది ప్రతి ఊపిరికీ. పక్క షెడ్డులో వాళ్లు ఈ ఏడు తలుపు పడ్డాక ఎలా అని మాట్లాడుకుంటున్నారు. నేను వినదలుచుకోలేదు.

ఈ పొద్దున డబ్బా వేదవతిగారికి అప్పజెప్పాను. ఆవిడ రెండు వేళ్లతో అందుకుని బల్ల కింద పెట్టించారు. తలుపు పడటానికి ఎనిమిది రోజులుందనగా పరీక్ష అని రశీదు ఇచ్చారు.

7 రోజులు

ఉత్తరం వచ్చింది. అతికిస్తున్నాను, ఆఫీసరుగారు చదువుకోవచ్చు.

'నాలుగో గొడుగు నివాసుల కమిటీ. నిన్న ఉదయం ఆరు నుంచి సాయంత్రం ఆరు వరకు బట్ట పరీక్ష నిర్వహించడమైనది. నూట ఇరవై ఇళ్లలో తొంభై ఏడు ఇళ్లవారు తీవ్రమైన ఎండుచేపల వాసన కారణంగా అభ్యంతరం తెలిపారు. ఇద్దరికి వాంతులు కాగా ఒక వృద్ధునికి తలతిరుగుడు కలిగినది. కావున మీ దరఖాస్తు తిరస్కరించడమైనది. కుటుంబానికి శుభం కలుగుగాక.'

శుభం కలుగుగాక అని కూడా రాశారు.

నాకు వెంటనే మా అత్త గుర్తొచ్చింది. మావాళ్లకు ఒక అలవాటుంది. కొత్త వీధిలోకి వెళితే ముందు ఏదో ఒకటి తినేది పంపిస్తాం, ఇరుగుపొరుగు మనసు కలుస్తుందని. శిబిరానికి వచ్చిన రోజే ఈవిడ పది షెడ్లకు ఎండు నెత్తళ్లు పంచిపెట్టింది. తువ్వాల్లో చుట్టి ఒక గుప్పెడు ఈ డబ్బాలో కూడా పెట్టి ఉంటుంది, ఒట్టి బట్ట పంపిస్తే బాగోదని. ఫోను చేసి నోటికొచ్చినట్టు తిట్టాను. ముసలితనానికి బుద్ధి కూడా పోయిందా అన్నాను. పిల్ల ప్రాణం మీదికి తెచ్చావన్నాను. నువ్వు గనక ఆ పాడు పని చేయకపోయుంటే మనం ఈపాటికి లోపల ఉండేవాళ్లమన్నాను.

మా అత్త ఒక్క మాట అనలేదు. ఎప్పుడూ ఒకటికి రెండు అప్పజెప్పే మనిషి. ఆ మౌనమే సాక్ష్యం అనుకుని ఇంకో రెండు తిట్టాను.

5 రోజులు

ఐదు, ఆరు, ఎనిమిది గొడుగులు తిరిగాను. ఐదులో ఖాళీల్లేవు, నిజంగానే లేవు. ఆరులో నాలుగో గొడుగు ఉత్తరం నకలు ముందే చేరింది. అంత త్వరగా చేరవేయాలని ఎవరికి పుట్టిందో. ఎనిమిదిలో గాలి తొమ్మిదో గొడుగు గాలికంటే అన్యాయంగా ఉంది.

మోపిదేవి ఫోన్లో గొంతు తగ్గించి, తొమ్మిదో గొడుగుకే పోదామంటున్నాడు. శిబిరంలో ఉన్నా దుమ్మే, అక్కడా దుమ్మే, కనీసం ఎండ తగలదుగా అన్నాడు. మా ఆయన చెడ్డ మాట అనలేదు. కానీ ఆయన అంత నెమ్మదిగా మాట్లాడాడంటే లోపల ఏడుస్తున్నాడని నాకు తెలుసు. అమ్మ అన్నం తినడం లేదు, ఏమన్నావే అని కూడా అడిగాడు. ఏమీ అనలేదని అబద్ధం చెప్పాను.

4 రోజులు

తొమ్మిదో గొడుగు ఫారం నింపి జేబులో పెట్టుకున్నాను. సంతకం ఒక్కటే మిగిలింది. డబ్బా మా అత్తది, వాళ్ల దగ్గర వదిలేయబుద్ధి కాలేదు. అందుకని మధ్యాహ్నం నాలుగో గొడుగు ఆఫీసుకు వెళ్లాను. వేదవతిగారు లేరు. ఒకమ్మాయి బల్ల కిందినుంచి డబ్బా తీసి, గుడ్డ పట్టుకుని నా చేతికిచ్చింది.

గేటు దాకా వచ్చి ఆగిపోయాను. తాడు వైపు చూశాను. ముడి ఎడమకు తిరిగి ఉంది. తాడు చివర కత్తిరించి లేదు, కొరికి ఉంది, మూడు పళ్ల గాట్లతో.

ఎవరైనా విప్పి మళ్లీ కట్టారేమో అనుకుని ఫ్యాక్టరీలో యాదయ్యకిచ్చి ఇలాగే ఇంకో ముడి వేయమన్నాను. ముప్పావు గంట కుస్తీ పట్టాడు. విప్పడమే చేతకాలేదు, ఇక కట్టేదెక్కడ. "ఇది మనిషి కట్టిందా, దయ్యం కట్టిందా" అన్నాడు. మనిషే, మా అత్త అన్నాను.

డబ్బా ఎవరూ తెరవలేదు. తొంభై ఏడు ఇళ్లకూ వాసన వచ్చింది. ఇద్దరు వాంతులు చేసుకున్నారు.

తొమ్మిదో గొడుగు ఫారం జేబులోంచి తీసి చింపేశాను. గొడుగుల చట్టం యాదయ్యకు కంఠతా వచ్చు, పదేళ్ల కిందట వాళ్ల మీద ఆరో గొడుగు ఇలాంటిదే ఏదో చేసిందట. చెప్పిన తేదీన పరీక్ష పెట్టకపోతే ఒప్పుకున్నట్టే లెక్క. మళ్లీ తలుపు తెరిచేదాకా ఇంకో పరీక్ష పెట్టుకునే వీల్లేదు. కాకపోతే పెట్టలేదని నలుగురి ముందు తేలాలి. ఎల్లుండి నాలుగో గొడుగులో నెలవారీ సభ ఉంది, రాకపోకల ఆఫీసు మనిషి కూడా వస్తాడు. "నువ్వు ముడి ముట్టకు అమ్మా. వాళ్లతోనే విప్పించు" అన్నాడు.

2 రోజులు

హాలు నిండా జనం. ఏసీ చల్లగా ఉంది, బట్టలు వేలాడదీసే కొక్కెం నడిమధ్యలో ఉంది, దాని మీద దుమ్ము ఉంది. అడుగు పెట్టగానే ఆ దుమ్మే నా కంటపడింది.

నా వంతు వచ్చాక లేచి డబ్బా బల్ల మీద పెట్టాను. ముందు వరుసలో ఇద్దరు ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకున్నారు. మూసి ఉన్న డబ్బాకే. వాళ్లను అలాగే ఉండనిచ్చాను.

పరీక్ష ఎలా చేశారో చెప్పండి మేడం అని వేదవతిగారిని అడిగాను. కమిటీ ముందు డబ్బా విప్పాం, బట్ట వేలాడదీశాం, సాయంత్రం మళ్లీ పెట్టి ఉన్నది ఉన్నట్టు కట్టేశాం అన్నారు.

"కట్టింది ఎవరు?"

"నేనే కట్టాను."

"అయితే ఇంకోసారి విప్పండి."

ఆవిడ కళ్లజోడు సవరించుకుని ముడి పట్టుకున్నారు. లాగారు. ముడి ఇంకా బిగుసుకుంది. అది లాగితే బిగుసుకునేదే, చేప లాగినా తెగకూడదని కట్టేది. ఇంకోవైపు నుంచి ప్రయత్నించారు. గోరు విరిగింది. పక్కనున్న ఇంజినీరుగారు అందుకుని, పళ్లు బిగించి, చెమట్లు పట్టి, చివరికి కత్తెర తెమ్మన్నాడు.

"ఆ రోజు కత్తెరతో విప్పి ఉంటే తాడు ముక్కలై ఉండాలి సార్. ఇది ఒకటే తాడు. చివర చూడండి, మా అత్త పళ్లతో కొరికిన గాట్లే ఉన్నాయి" అన్నాను.

హాల్లో వెనక వరుసలో ఎవరో ముసలాయన పకపకా నవ్వాడు. ఇంకెవరూ నవ్వలేదు. ఆఫీసు మనిషి తాడు చివర చూశాడు, ఉత్తరం చూశాడు, వాంతులు చేసుకున్న ఇద్దరు ఎవరో చెయ్యి ఎత్తమన్నాడు. ఎవరూ ఎత్తలేదు. ఇల్లు ఇవ్వాల్సిందేనని నా దరఖాస్తు మీద ముద్ర కొట్టాడు. కొట్టేటప్పుడు నా మొహం చూడలేదు, వేదవతిగారి మొహమూ చూడలేదు.

బయటికి వస్తుంటే వేదవతిగారు గుమ్మం దగ్గర ఆపారు. గొంతు అప్పుడు కూడా పెంచలేదు.

"ఇల్లు గెలిచారు. కానీ మనుషుల మధ్య బతకాలి కదమ్మా. మీ పాపను ఈ పిల్లలతో ఆడుకోనివ్వాలి కదా. ఆలోచించుకోండి."

"మా పాప ముందు ఊపిరి పీల్చుకోవాలి మేడం. ఆటలు తర్వాత చూసుకుంటుంది" అన్నాను. ఇల్లు గెలిచానన్న సంతోషం నాలో ఎక్కడా లేదు. రేపు మా అత్త మొహం ఎలా చూడాలన్నదే ఉంది.

1 రోజు

ముగ్గుర్నీ తీసుకొచ్చాను. రెండు పెట్టెలు, ఒక పరుపు, ఒక తలగడ. నాలుగో గొడుగు వీధిలో నడుస్తుంటే ఇరువైపులా తలుపులు ఒకటొకటిగా మూసుకున్నాయి. ఒక ఇంట్లోంచి అయితే పిల్లను చెయ్యి పట్టి లోపలికి లాగారు. మోపిదేవి అందరికీ నమస్కారాలు పెట్టుకుంటూ వచ్చాడు, మూసిన తలుపులకు కూడా. మానెయ్యవయ్యా అన్నాను. అలవాటు అన్నాడు.

మా అత్త తల వంచుకుని నడిచింది. డబ్బా తెరవనే లేదని, తప్పు నాదేనని గేటు దగ్గరే చెబుదామనుకున్నాను. పక్కన పోలీసు ఉన్నాడు, తర్వాత పెట్టెల హడావిడి. నోరు ఎక్కువైన మనిషికి సరిగ్గా అలాంటప్పుడే మాట రాదు.

తలుపు పడింది

పొద్దున తొమ్మిదికి సైరను మోగింది. ఇక వానలదాకా ఎవరూ ఊళ్లోకి రారు, బయటికి పోరు, ఒక గొడుగు నుంచి ఇంకో గొడుగుకు ఇల్లు మారరు.

సింధూర పదింటికి పడుకుంది. పన్నెండున్నర దాకా లేవలేదు. వెనక దిండ్లు పేర్చకుండా, వెల్లకిలా, నోరు మూసుకుని నిద్రపోయింది. ఆ పిల్ల ఇలా నోరు మూసుకుని నిద్రపోయి ఎన్నాళ్లయిందని మోపిదేవి మంచం పక్కన కూర్చుని లెక్కలు వేశాడు. నాలుగో ఏట వరకూ వెనక్కి వెళ్లాడు.

సామాను సర్దలేదు కాబట్టి మధ్యాహ్నం గంజి కాచాను. గంజి, ఉప్పు, అంతే. రెండు గంటలకు తలుపు పక్క తెర మీద వార్త వచ్చింది. మీ ఇంటి నుంచి ఎండుచేపల వాసన వస్తోందని నాలుగు ఇళ్ల నుంచి ఫిర్యాదు, వెంటనే సరిచేసుకోగలరు, అని. పైకి చదివాను. నాకు నవ్వొచ్చింది.

మా అత్తకు రాలేదు. భయంభయంగా కొంగు ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూసుకుంది. రెండు చేతులూ వాసన చూసుకుంది. "నా దగ్గరేనేమోనే జలజా. నేను పోయి స్నానం చేసి వస్తాను" అంది.

నా నవ్వు పోయింది. డబ్బా తెచ్చి ఆవిడ ఒళ్లో పెట్టాను. దీన్ని వాళ్లు తెరవలేదు అత్తా, ఊరికే అన్నారు, నేను నమ్మి నిన్ను తిట్టాను అన్నాను. మా అత్త కాసేపు ముడి వైపు చూసింది. ఎడమ చేతి బొటనవేలు దాని కిందికి పోనిచ్చి ఏదో చేసింది, తాడు జారిపోయింది. రెండు క్షణాలు పట్టలేదు.

మూత తీసింది. లోపల తువ్వాలు తెల్లగా ఉంది. మావాళ్ల తువ్వాలు ఎప్పుడూ అంత తెల్లగా లేదు. నెత్తళ్ల వాసన కాదు కదా, మనుషుల వాసన కూడా లేదు. సబ్బు వాసన వస్తోంది, పిల్లకని శిబిరంలో నెలకొకటి ఇచ్చే సబ్బు.

"ఏడుసార్లు ఉతికానే. ఉతకొద్దని నువ్వు చెప్పావు. మన వాసనొస్తే పిల్లని రానివ్వరేమోనని భయమేసింది. నువ్వు ఫోన్లో తిట్టినప్పుడు, ఉతికిన సంగతి వాళ్లు కనిపెట్టేశారనుకున్నా. ఇంక నేనేం మాట్లాడతాను" అంది.

ఆవిడ పాదాల దగ్గర కూర్చుండిపోయాను. మా అత్త నా తల మీద చెయ్యి వేసి, లేవవే, నేల చల్లగా ఉంది అంది.

కాసేపటికి కళ్లు తుడుచుకుని అడిగాను, నెత్తళ్లన్నీ శిబిరంలోనే పారేశావా అని. మోపిదేవి తలగడ వైపు చూశాడు. మా అత్త మోపిదేవిని కసిరినట్టు చూసింది. నేను తలగడ ఎత్తితే గలగలమంది. ఒక పక్క కొత్త కుట్టు, పుర్రచేతి కుట్టు.

కుట్టు విప్పాను. కిలోకు తక్కువ ఉండవు. వెల్లుల్లి దంచాను, ఎండుమిరపకాయలు తుంచాను, మూకుడు పెట్టాను. అప్పుడు గుర్తొచ్చింది, కొత్తగా ఇంట్లోకి దిగినవాళ్లు వంటింటి బొగ్గు ఫిల్టరు విప్పి కడిగి ఆరబెట్టుకోవాలని ఫ్యాక్టరీ నియమం. ఆరడానికి ఒక రోజు పడుతుంది. ఆ నియమం కాగితం ఇంటింటికీ అతికించింది నేనే. విప్పి, కడిగి, బాల్కనీలో ఆరేశాను. ఆ తెల్ల తువ్వాలు కూడా దాని పక్కనే ఆరేశాను.

నూనె కాగింది. గుప్పెడు వేశాను. పొగ లేచి, గొట్టంలోంచి, ఏ అడ్డూ లేకుండా వీధిలోకి పోయింది. సింధూర ఆకలేస్తోందమ్మా అంటూ వంటింట్లోకి వచ్చింది. మా అత్త వాయి వాయికీ పక్కన నిలబడి ఇంకాస్త ఎర్రబడనీ అంటూ ఉంది. తెర మీద వార్తలు ఒకదాని వెనక ఒకటి వస్తున్నాయి. ఈసారి పైకి చదవలేదు.

వానలు పడి తలుపు తీశాక మా ఇంటి మీద మళ్లీ ఓటు పెడతామని అందులో వేదవతిగారి పేరుతో ఒకటి ఉంది. పెట్టుకోనివ్వండి.

ఆఫీసరుగారూ, ఈ పుస్తకం ఇక్కడితో అప్పజెబుతున్నాను. నాలుగో గొడుగులో మా బట్ట పరీక్ష ఈ రోజు మధ్యాహ్నం మూడు గంటలకు మొదలైందని రాసుకోండి.